ఆధారాల అమరిక, గడువుల నిర్వహణ: వ్యవసాయ ఇంజనీరింగ్ స్నాతకోత్తర పరిశోధనలో పాటించవలసిన పద్ధతులు

వ్యవసాయ ఇంజనీరింగ్‌లో స్నాతకోత్తర విద్య అభ్యసించే విద్యార్థి ఏకకాలంలో మూడు బాధ్యతలను నిర్వర్తించవలసి ఉంటుంది. క్షేత్రంలోనో ప్రయోగశాలలోనో ప్రయోగాన్ని సక్రమంగా నడపడం మొదటిది. ఫలితాలను నిర్ణీత గడువులోగా పరిశోధన పత్రంగా, సిద్ధాంత గ్రంథంగా రూపొందించడం రెండవది. తన పనికి పునాదిగా నిలిచే పూర్వ పరిశోధనలను సేకరించి, చదివి, అవసరమైనప్పుడు చేతికి అందేలా అమర్చుకోవడం మూడవది. మొదటి రెండింటికి పర్యవేక్షణ ఉన్నది. ప్రయోగ క్షేత్రాన్ని సలహా సంఘం సందర్శిస్తుంది. గడువులను విశ్వవిద్యాలయం ప్రకటిస్తుంది. మూడవ బాధ్యతను గురించి మాత్రం రెండేళ్ళ పాటు ఎవరూ ప్రశ్నించరు. సిద్ధాంత గ్రంథ సమర్పణకు పక్షం రోజులు ఉన్నదనగా అది ఒక్కసారిగా పెద్ద సమస్యగా ముందుకు వస్తుంది.

ఈ సమస్యను కేవలం లేఖన సంబంధమైన అసౌకర్యంగా భావించడం తగదు. వ్యవసాయ విశ్వవిద్యాలయాలలో జరిగే పరిశోధన గ్రంథాలయంలో ఆగిపోదు. ఒక సిద్ధాంత గ్రంథంలోని అంకె పరిశోధన పత్రంలోకి, అక్కడి నుండి సిఫారసులోకి, సిఫారసు నుండి కరపత్రంలోకి, చివరకు రైతు పొలంలోని నీటి తడిలోకి, ఎరువు మోతాదులోకి ప్రయాణిస్తుంది. ఆ అంకెకు మూలం ఎక్కడ ఉన్నదో, ఏ పరిస్థితులలో అది నిలుస్తుందో తెలియకుండా చేతులు మారితే నష్టపోయేది చివరి వ్యక్తి. అందువలన ఆధారాల నిర్వహణను విద్యార్థి సౌకర్యంగా కాక పరిశోధన నాణ్యతలో భాగంగా పరిగణించవలసి ఉన్నది. ఈ దృష్టితో, నీటి యాజమాన్య పరిశోధన నుండి తీసుకున్న ఉదాహరణలతో, అనుసరణీయమైన పద్ధతులను ఈ వ్యాసంలో వివరించడమైనది.

ఒక అంకె ప్రయాణం: పంట గుణకం ఉదాహరణ

బిందు సేద్యంపై పరిశోధన చేసే విద్యార్థులలో అధికులు పంట నీటి అవసరాన్ని లెక్కించడానికి ప్రామాణిక బాష్పీభవన-బాష్పోత్సేక విలువను పంట గుణకంతో గుణిస్తారు. ఈ గుణకాలకు నేడు ప్రపంచమంతటా ఆధారంగా తీసుకునేది ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1998లో ప్రచురించిన నీటిపారుదల, మురుగు నీటిపారుదల గ్రంథమాలలోని 56వ సంపుటం. ఎలెన్, పెరేరా, రేస్, స్మిత్ దాని రచయితలు. అందులోని 12వ పట్టికలో గింజ మొక్కజొన్నకు మధ్య దశలో పంట గుణకం 1.20గా ఇవ్వబడినది. ఈ 1.20 అనే విలువను అనేక సిద్ధాంత గ్రంథాలలో చూడవచ్చు.

అయితే ఆ పట్టిక ఒక షరతుతో కూడినది. ఆ విలువలు కనిష్ఠ గాలి తేమ సుమారు 45 శాతం, రెండు మీటర్ల ఎత్తులో గాలి వేగం సెకనుకు సుమారు 2 మీటర్లు ఉండే పాక్షిక ఆర్ద్ర వాతావరణానికి చెందినవి. అంతకంటె పొడిగా, గాలి ఎక్కువగా ఉండే చోట గుణకం పెరుగుతుంది. తేమ ఎక్కువగా, గాలి తక్కువగా ఉండే చోట తగ్గుతుంది. ఈ సవరణకు అవసరమైన సూత్రం కూడా ఆ గ్రంథంలోనే ఉన్నది. గాలి వేగం 2 నుండి ఎంత ఎక్కువో దానిని 0.04తోను, కనిష్ఠ తేమ 45 నుండి ఎంత ఎక్కువో దానిని 0.004తోను గుణించి, మొదటిదాని నుండి రెండవదానిని తీసివేయాలి. వచ్చిన ఫలితాన్ని పంట ఎత్తును 3తో భాగించగా వచ్చిన విలువ యొక్క 0.3వ ఘాతంతో గుణించి, పట్టికలోని గుణకానికి కలపాలి.

ఒక లెక్క చూద్దాం. రబీలో పొడి వాతావరణం గల ప్రాంతంలో గాలి వేగం సెకనుకు 3 మీటర్లు, కనిష్ఠ తేమ 30 శాతం, మొక్కజొన్న ఎత్తు 2 మీటర్లు అనుకుందాం. సవరించిన గుణకం సుమారు 1.29 అవుతుంది. ప్రామాణిక బాష్పీభవన-బాష్పోత్సేకం రోజుకు 6 మి.మీ. ఉంటే, సవరించని లెక్క ప్రకారం పంట అవసరం 7.2 మి.మీ.; సవరించిన లెక్క ప్రకారం 7.7 మి.మీ. పైచిలుకు. రోజుకు అర మిల్లీమీటరు తేడా స్వల్పంగా తోచవచ్చు. కాని 30 రోజుల మధ్య దశలో అది సుమారు 16 మి.మీ., అంటే ఎకరాకు దాదాపు 64 వేల లీటర్ల నీరు. కంకి పట్టే దశలో ఈ లోటు పడితే దిగుబడిపై ప్రభావం తప్పదు. దీనికి భిన్నంగా, గాలి వేగం 1 మీటరు, కనిష్ఠ తేమ 65 శాతం ఉండే తీర ప్రాంతంలో అదే గుణకం సుమారు 1.09కి దిగుతుంది. అక్కడ 1.20ని యథాతథంగా వాడితే నీరు వృథా అవుతుంది.

మూల గ్రంథాన్ని తెరచినవారికి ఈ షరతు పట్టిక శీర్షికలోనే కనబడుతుంది. వేరొక పత్రంలో ఉల్లేఖించిన అంకెను మాత్రమే తీసుకున్నవారికి కనబడదు. అంకె ప్రయాణిస్తుంది, షరతు వెనుకబడిపోతుంది. 1977లో డూరెన్‌బోస్, ప్రూయిట్ ప్రచురించిన 24వ సంపుటంలోని గుణకాలను తీసుకుని, 1998 నాటి పెన్‌మన్-మాంటీత్ పద్ధతిలో లెక్కించిన విలువలతో గుణించడం కూడా ఇటువంటి పొరపాటే. ప్రతి గుణకం తాను పుట్టిన లెక్కింపు పద్ధతితో ముడిపడి ఉంటుంది. 1990లో జరిగిన నిపుణుల సంప్రదింపుల తరువాత పెన్‌మన్-మాంటీత్ సమీకరణాన్ని ప్రామాణిక పద్ధతిగా స్వీకరించడంతో గుణకాలను కూడా పునఃపరిశీలించవలసి వచ్చినది. ఈ చరిత్ర తెలియాలంటే రెండు గ్రంథాలూ విద్యార్థి సేకరణలో వేర్వేరు పత్రాలుగా, స్పష్టమైన గమనికలతో ఉండాలి.

చూడకుండా ఉల్లేఖించే ఆధారాలు

మన విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలలో ‘సామగ్రి, పద్ధతులు’ అధ్యాయం తెరిస్తే కొన్ని పేర్లు తప్పనిసరిగా కనిపిస్తాయి. లభ్య నత్రజనికి సుబ్బయ్య, ఆసిజా 1956; సేంద్రియ కర్బనానికి వాక్లీ, బ్లాక్ 1934; లభ్య భాస్వరానికి ఓల్సెన్ తదితరులు 1954; మట్టి విశ్లేషణకు జాక్సన్; గణాంక విశ్లేషణకు పాన్సే, సుఖాత్మే లేదా గోమెజ్, గోమెజ్ 1984. ఈ పత్రాలు ఉల్లేఖించదగినవే. అయితే వాటిని చూసినవారి సంఖ్య ఉల్లేఖించినవారి సంఖ్య కంటె చాలా తక్కువ అనడానికి ఆధార పట్టికలే సాక్ష్యం.

లభ్య నత్రజని పద్ధతిని ప్రతిపాదించిన పత్రం ‘కరెంట్ సైన్స్’ 25వ సంపుటంలో 259, 260 పుటలలో వెలువడినది. రెండే పుటలు. దాని తొలి రచయిత పేరు ఆంగ్ల వర్ణక్రమంలో రెండు మూడు విధాలుగా సిద్ధాంత గ్రంథాలలో తిరుగుతున్నది. తెలుగువారికి సుపరిచితమైన పేరు కనుక ప్రతివారూ తమకు అలవాటైన తీరులో వ్రాయడం, తరువాతివారు దానినే నకలు చేయడం దీనికి కారణం. ఫలితంగా ఒకే పత్రం ఒకే ఆధార పట్టికలో రెండు చోట్ల కనబడిన సందర్భాలూ ఉన్నాయి.

వాక్లీ, బ్లాక్ పద్ధతిలో మట్టిలోని కర్బనమంతా ఆక్సీకరణ చెందదు. సగటున 77 శాతం మాత్రమే చెందుతుందన్న భావనతో 1.3 అనే సవరణ గుణకాన్ని వాడతారు. ఈ సవరణ చేశారా లేదా అన్నది సిద్ధాంత గ్రంథంలో చెప్పకపోతే, ఒక కేంద్రం ఫలితాన్ని మరొక కేంద్రం ఫలితంతో పోల్చడం అసాధ్యమవుతుంది. జాక్సన్ గ్రంథం 1958లో తొలిసారి వెలువడగా మన గ్రంథాలయాలలో 1973 నాటి భారతీయ ముద్రణ విరివిగా ఉన్నది. పాన్సే, సుఖాత్మే గ్రంథం 1954 తరువాత పలు ముద్రణలు పొందినది. విద్యార్థి తాను తెరచి చూసిన ముద్రణనే పేర్కొనాలి. ఒక ముద్రణ నుండి పుట సంఖ్యను, మరొక ముద్రణ నుండి సంవత్సరాన్ని తీసుకుంటే ఆ ఉల్లేఖనను ఎవరూ సరిచూడలేరు.

నీటిపారుదల ఇంజనీరింగ్‌లో దీనికి సమానమైన ఉదాహరణ సమరూపతా గుణకం. క్రిస్టియన్‌సెన్ 1942లో ప్రతిపాదించిన గుణకం తుంపర సేద్యానికి ఉద్దేశించినది. బిందు సేద్యంలో డ్రిప్పర్ల విడుదల సమరూపతకు కెల్లర్, కార్మెలీ 1974లో వేరొక కొలమానాన్ని ప్రతిపాదించారు. బిందు సేద్య ప్రయోగంలో మొదటిదానిని వాడితే తప్పుకాదు. కాని ఎందుకు వాడారో చెప్పగలగాలి. మౌఖిక పరీక్షలో బాహ్య పరీక్షకుడు అడిగే ప్రశ్న సాధారణంగా ఇదే.

వెదకడంలో క్రమం

ఆధారాల సేకరణకు నేటి విద్యార్థికి ఉన్న వసతులు ముప్పై ఏళ్ళ క్రితం ఊహకు కూడా అందనివి. భారత వ్యవసాయ పరిశోధన మండలి 2007లో ప్రారంభించిన ‘సెరా’ ద్వారా వ్యవసాయ విశ్వవిద్యాలయాలన్నింటికీ పత్రికలు అందుబాటులోకి వచ్చాయి. నేరుగా లభించని పత్రాన్ని అభ్యర్థన ద్వారా వేరొక సభ్య గ్రంథాలయం నుండి తెప్పించుకునే ఏర్పాటు కూడా అందులో ఉన్నది. వ్యవసాయ విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలకు ‘కృషికోశ్’, ఇతర విశ్వవిద్యాలయాల వాటికి ‘శోధ్‌గంగ’ భాండాగారాలు. ఆహార, వ్యవసాయ సంస్థ నిర్వహించే ‘ఆగ్రిస్’ సూచిక ఉచితం. అదే సంస్థ రూపొందించిన బహుభాషా పదకోశం ‘ఆగ్రోవాక్’లో తెలుగు కూడా ఒక భాష. తెలుగులో విస్తరణ సాహిత్యం రచించేవారికి సరైన పారిభాషిక పదాన్ని ఎంచుకోవడానికి అది ఉపకరిస్తుంది.

వసతి పెరిగినకొద్దీ వెదకడంలో క్రమం మరింత అవసరం. విద్యార్థి ఒక వెదుకులాట పుస్తకాన్ని నిర్వహించడం మంచిది. తేదీ, వెదకిన సూచిక, వాడిన పదాలు, లభించిన పత్రాల సంఖ్య, వాటిలో ఉంచుకున్నవి, విడిచినవి, విడిచిన కారణం అనే ఏడు గడులు సరిపోతాయి. ఆరు నెలల తరువాత సలహా సంఘంలో ఒకరు ‘ఈ అంశంపై పని జరగలేదని ఎలా అంటున్నారు?’ అని ప్రశ్నిస్తే సమాధానం ఆ పుస్తకంలో ఉంటుంది. పూర్వ పరిశోధన లేదన్న ప్రకటన, ఎక్కడ ఎలా వెదకారో చెప్పినప్పుడే విలువ పొందుతుంది.

ఒక ముఖ్య పత్రం లభించినప్పుడు రెండు దిశలలో వెదకాలి. అది ఉల్లేఖించిన పాత పత్రాలను చూడడం వెనుక దిశ. దానిని ఉల్లేఖించిన కొత్త పత్రాలను చూడడం ముందు దిశ. ఈ రెండవ దిశను సుగమం చేసినది యూజీన్ గార్ఫీల్డ్. 1955లో ఆయన ప్రతిపాదించిన ఉల్లేఖన సూచిక భావన 1964లో ‘సైన్స్ సైటేషన్ ఇండెక్స్’గా రూపుదాల్చినది. నేడు విద్యార్థులు వాడే సాధనాలు చాలావరకు ఆ భావనకు వారసులే.

అమరిక: ఒక సాధనం, ఒక నియమం

పాఠకుని కాలాన్ని ఆదా చేయడం గ్రంథాలయ ధర్మమని ఎస్.ఆర్. రంగనాథన్ 1931లోనే తమ పంచ సూత్రాలలో ఒకటిగా నిర్దేశించారు. ఇప్పుడు ప్రతి విద్యార్థి తన కంప్యూటరులో ఒక చిన్న గ్రంథాలయానికి అధిపతి. అందులో పాఠకుడూ తానే, గ్రంథపాలకుడూ తానే.

ఆధారాలను అమర్చే సాఫ్ట్‌వేర్లలో జొటేరో 2006 నుండి ఉచితంగా, బహిరంగ మూలంతో లభిస్తున్నది. మెండలీ 2013లో ఎల్స్‌వియర్ సంస్థ అధీనంలోకి వెళ్ళినది. ఎండ్‌నోట్‌కు రుసుము చెల్లించాలి. విశ్వవిద్యాలయం చందా ఉంటే వాడుకోవచ్చు. సమీకరణాలు అధికంగా ఉండే పత్రాలను లాటెక్‌లో కూర్చేవారికి బిబ్‌టెక్, జాబ్‌రెఫ్ అనుకూలం. వీటిలో ఏది ఉత్తమమనే చర్చ కంటె, మొదటి సెమిస్టరులో ఒకదానిని ఎన్నుకొని చివరి వరకు మార్చకుండా ఉండడం ప్రధానం. రచన మధ్యలో సాధనం మారిస్తే వర్డ్ పత్రంలోని ఉల్లేఖనలకు, ఆధార పట్టికకు మధ్య ఉన్న లంకె తెగిపోతుంది.

సాఫ్ట్‌వేరు ఇచ్చే ప్రధాన ప్రయోజనం పత్రం తిరస్కరణకు గురైనప్పుడు తెలుస్తుంది. ఒక పత్రిక తిరస్కరించిన పత్రాన్ని మరొక పత్రికకు పంపాలంటే ఆధార పట్టిక శైలి మొత్తం మార్చాలి. చేతితో చేస్తే రెండు రోజుల పని. సాధనంతో శైలి పేరు మార్చితే చాలు. జొటేరో శైలుల భాండాగారంలో పదివేలకు పైగా శైలులు ఉన్నాయి. అయితే సాధనం తనకు ఇచ్చిన వివరాలనే తిరిగి ఇస్తుంది. వివరాలు తప్పయితే తప్పును చక్కని శైలిలో ముద్రిస్తుంది. కనుక పత్రాన్ని చేర్చుకున్న రోజే ఈ క్రింది అంశాలను సరిచూడాలి.

1. డి.ఓ.ఐ. సంఖ్య ఉన్నదా, అది అదే పత్రానికి దారి తీస్తున్నదా అని పరీక్షించాలి.

2. శీర్షిక అంతా పెద్ద అక్షరాలలో వచ్చి ఉంటే సరిచేయాలి. శాస్త్రీయ నామాలు వాలు అక్షరాలలో ఉన్నాయో లేదో చూడాలి.

3. సంస్థ రచయితగా ఉన్నచోట సాధనం సంస్థ పేరును వ్యక్తి పేరుగా భావించి విడగొడుతుంది. దానిని ఒకే గడిలో నమోదు చేయాలి.

4. సమావేశ సంచికలు, సాంకేతిక నివేదికలు, వార్షిక నివేదికలు పత్రికా వ్యాసాలుగా నమోదు కాకుండా వాటి రకాన్ని సరిగా ఎన్నుకోవాలి. మన ప్రాంతీయ పరిశోధన స్థానాల సమాచారం అధికంగా ఈ రూపంలోనే ఉంటుంది.

5. ఫైలు పేరు రచయిత, సంవత్సరం, రెండు మూడు ముఖ్య పదాలతో ఉండాలి. ‘డౌన్‌లోడ్ 27’ వంటి పేర్లతో ఏ పత్రమూ మిగలరాదు.

6. పత్రం ఉపసంహరణకు గురైనదేమో గమనించాలి. ఉపసంహృత పత్రాలను గుర్తించి హెచ్చరించే సౌకర్యం జొటేరోలో 2019 నుండి ఉన్నది.

తెలుగు పేర్ల విషయంలో ప్రత్యేక శ్రద్ధ అవసరం. మనకు ఇంటిపేరు ముందు, వ్యక్తి పేరు తరువాత వస్తాయి. సాధనాలు చివరి పదాన్ని కుటుంబ నామంగా భావిస్తాయి. అందువలన ‘రావు’, ‘రెడ్డి’ అనే పదాల క్రింద వందలాది మంది ఒకే చోట చేరతారు. ఒకే వ్యక్తి ఒక పత్రంలో ఇంటిపేరుతో, మరొక పత్రంలో గౌరవ వాచకంతో నమోదై ఇద్దరుగా కనబడతారు. ఉల్లేఖించేటప్పుడు ఆ పత్రంలో ముద్రితమైన క్రమాన్నే అనుసరించాలి, సొంతంగా సవరించరాదు. ఇక విద్యార్థి తన పేరును ఏ రూపంలో ప్రచురించాలో తొలి పత్రానికి ముందే నిర్ణయించుకొని జీవితాంతం దానినే పాటించాలి. 2012 నుండి అమలులో ఉన్న 16 స్థానాల ఆర్కిడ్ గుర్తింపు సంఖ్యను తీసుకుంటే పేర్ల గందరగోళం చాలావరకు తొలగుతుంది.

ట్యాగుల సంఖ్యను పరిమితం చేయాలి. అంశం, పంట, పద్ధతి, చదివిన స్థితి అనే నాలుగు వర్గాలు చాలు. ‘మొక్కజొన్న’, ‘బిందు సేద్యం’, ‘పంట గుణకం’, ‘పూర్తిగా చదివినది’ అన్న విధంగా. చదివిన స్థితిని నమోదు చేయడం అన్నింటికంటె ముఖ్యం. సారాంశం మాత్రమే చదివిన పత్రాన్ని పూర్తిగా చదివిన పత్రంగా పొరబడడం తరచుగా జరుగుతుంది. పూర్తిగా చదివిన ప్రతి పత్రానికి ఐదు వాక్యాల గమనిక వ్రాయాలి: ఏ ప్రశ్న, ఏ నేల, ఏ ఋతువు, ఏ పద్ధతి, ఏ ఫలితం. ఆ గమనిక సొంత మాటలలో ఉండాలి. యథాతథంగా ఎత్తి వ్రాసిన వాక్యం ఉంటే ఉల్లేఖన చిహ్నాలలో, పుట సంఖ్యతో ఉంచాలి. ఇట్టి గమనికలు నూరు చేరినప్పుడు పూర్వ పరిశోధనల సమీక్ష సగం పూర్తయినట్లే.

ఇవన్నీ ఒకే కంప్యూటరులో ఉంచడం శ్రేయస్కరం కాదు. మూడు ప్రతులు, రెండు వేర్వేరు మాధ్యమాలలో, వాటిలో ఒకటి వేరొక చోట అన్నది అంగీకృత నియమం. ప్రయోగ దత్తాంశానికి కూడా ఇదే వర్తిస్తుంది. వసతి గృహంలో లాప్‌టాప్ చెడిపోయిన కారణంగా ఒక ఋతువు పరిశీలనలు పోగొట్టుకుంటే వాటిని తిరిగి పొందడానికి మరొక ఋతువు వేచి ఉండాలి.

అదను, గడువు

వ్యవసాయ ప్రయోగానికి అదను ఉన్నది. పరిశోధన పత్రానికి గడువు ఉన్నది. గడువును అరుదుగా పొడిగిస్తారు. అదనును ఎవరూ పొడిగించలేరు. ఇతర ఇంజనీరింగ్ శాఖల విద్యార్థి విఫలమైన పరీక్షను మరుసటి వారం తిరిగి చేయగలడు. మొక్కజొన్న పూత దశలో తప్పిన తేమ కొలతను తిరిగి తీయాలంటే ఏడాది ఆగాలి. కనుక వ్యవసాయ ఇంజనీరింగ్ విద్యార్థి కాల ప్రణాళికను పంటతో ప్రారంభించి, రాతను పంట ఖాళీలలో అమర్చుకోవాలి.

రబీ మొక్కజొన్నపై బిందు సేద్య ప్రయోగాన్ని ఉదాహరణగా తీసుకుందాం. అక్టోబరు చివర విత్తితే ఫిబ్రవరి చివరికి కోతకు వస్తుంది. సిద్ధాంత గ్రంథాన్ని జూన్ చివరికి సమర్పించాలని అనుకుందాం. అక్కడి నుండి వెనుకకు లెక్కించాలి. సలహా సంఘ సభ్యులు చదివి సూచనలివ్వడానికి మూడు వారాలు, సవరణలకు, సారూప్య పరీక్షకు, ముద్రణకు రెండు వారాలు తీసివేస్తే పూర్తి చిత్తు ప్రతి మే నాలుగవ వారానికి సిద్ధం కావాలి. అంటే కోత తరువాత విశ్లేషణకు, ఫలితాల రచనకు దొరికేది మూడు నెలల కంటె తక్కువ. ఆ మూడు నెలలలోనే పద్ధతులు, సమీక్ష, ఉపోద్ఘాతం కూడా వ్రాయబూనితే ఫలితాల చర్చకు కాలం చాలదు. సిద్ధాంత గ్రంథాలలో చర్చా భాగం పలచగా ఉండడానికి ఇది ప్రధాన కారణం.

దీనికి పరిష్కారం రాతను ముందుకు జరపడం. సమీక్ష తొలి చిత్తును విత్తనానికి ముందే, ఆగస్టు, సెప్టెంబరు నెలలలో సిద్ధం చేయాలి. సామగ్రి, పద్ధతుల అధ్యాయాన్ని నవంబరు, డిసెంబరులలో, పైపులు, డ్రిప్పర్లు కళ్ళ ముందు ఉన్నప్పుడే వ్రాయాలి. లేటరల్ పైపుల దూరం, డ్రిప్పరు విడుదల, నీటి పీడనం, నీటి విద్యుత్ వాహకత వంటి వివరాలను ఏప్రిలులో జ్ఞాపకం నుండి వ్రాయడం కష్టం. జనవరిలో పట్టికల ఖాళీ నమూనాలను తయారు చేసుకుంటే ఏ కొలత తీయడం మరచారో అప్పుడే బయటపడుతుంది, ఇంకా పంట పొలంలో ఉండగానే.

సదస్సుల సారాంశాలకు ప్రకటించే గడువులు తరచుగా విత్తే కాలంలోనో కోత కాలంలోనో పడతాయి. ప్రతి ఆహ్వానానికి స్పందించడం విద్యార్థికి హాని చేస్తుంది. స్నాతకోత్తర కాలంలో ఒక సదస్సు, ఒక మంచి పత్రిక పత్రం లక్ష్యంగా పెట్టుకోవడం ఆచరణ సాధ్యం. వారంలోగా ప్రచురిస్తామని, రుసుము చెల్లిస్తే చాలునని వచ్చే ఆహ్వానాలను పక్కన పెట్టాలి. సమీక్ష జరగని పత్రిక గడువును తీరుస్తుంది గాని పరిశోధనను పరీక్షించదు.

రోజువారీ ప్రణాళిక విషయంలో ఒక సూచన. క్షేత్రం పని ఉదయం జరుగుతుంది. సాయంకాలానికి శరీరం అలసి ఉంటుంది. అప్పుడు కఠినమైన పత్రం చదవడం ఫలించదు. ఆ సమయాన్ని ఆధారాల వివరాలు సరిచూడడం, ఫైళ్ళకు పేర్లు పెట్టడం, ఆ రోజు కొలతలను కంప్యూటరులో ఎక్కించడం వంటి పనులకు కేటాయించాలి. తడులు లేని రోజుల ఉదయాలను చదువుకు, రాతకు ఉంచుకోవాలి. వారానికి మూడు పత్రాలు పూర్తిగా చదివినా ఏడాదికి నూట యాభై అవుతాయి. ఒక స్నాతకోత్తర సిద్ధాంత గ్రంథానికి అది చాలినంత పునాది.

సారూప్యత, కృత్రిమ మేధ

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో జారీ చేసిన నిబంధనల ప్రకారం 10 శాతం వరకు సారూప్యతకు శిక్ష లేదు. 10 నుండి 40 శాతం మధ్య ఉంటే ఆరు నెలలు మించని గడువులో సవరించి తిరిగి సమర్పించాలి. 40 నుండి 60 శాతం అయితే ఒక సంవత్సరం పాటు సవరించిన ప్రతిని సమర్పించే వీలుండదు. 60 శాతం దాటితే నమోదు రద్దవుతుంది. ఆధార పట్టిక, విషయసూచిక, కృతజ్ఞతలు, సరైన రీతిలో ఉల్లేఖించిన భాగాలు లెక్కలోకి రావు. ఇక్కడ గమనించవలసినది, సారూప్యత అధికంగా తేలే విద్యార్థులందరూ దురుద్దేశం గలవారు కారన్నది. గమనికలలో తమ వాక్యమేదో, ఇతరుల వాక్యమేదో వేరు చేసి ఉంచుకోనివారు గడువు ఒత్తిడిలో రెండింటినీ కలిపివేస్తారు. గమనికల దశలోని అశ్రద్ధ సమర్పణ దశలో దోషంగా నమోదవుతుంది.

2022 చివరి నుండి విస్తృతంగా వాడుకలోకి వచ్చిన కృత్రిమ మేధ సాధనాలు మరొక చిక్కును తెచ్చాయి. ఆధారాలు ఇమ్మని అడిగితే ఇవి రచయిత, సంవత్సరం, పత్రిక, పుటలు అన్నీ నమ్మదగిన రూపంలో ఇస్తాయి. కాని అటువంటి పత్రమే ఉండకపోవచ్చు. ఒక్కొక్కప్పుడు నిజమైన శాస్త్రవేత్త పేరుకు వ్రాయని పత్రాన్ని అంటగడతాయి. భాష సరిదిద్దుకోవడానికి ఈ సాధనాలను విశ్వవిద్యాలయ నియమాలకు లోబడి వాడుకోవచ్చు. ఆధారాల విషయంలో మాత్రం నియమం సరళమైనది: తెరచి చూడని పత్రాన్ని ఆధార పట్టికలో చేర్చరాదు. మూల పత్రం లభించని పక్షంలో, దానిని ఏ పత్రం ద్వారా తెలుసుకున్నారో ఆ విషయాన్ని స్పష్టంగా పేర్కొనడం శాస్త్ర మర్యాద.

మార్గదర్శకుల, విస్తరణ శాస్త్రవేత్తల పాత్ర

స్నాతకోత్తర పాఠ్య ప్రణాళికలో గ్రంథాలయ సమాచార సేవలు, సాంకేతిక రచన అనే అంశాలు పి.జి.ఎస్. 501, 502 సంఖ్యలతో ఒక్కొక్క ప్రయోగాత్మక క్రెడిట్‌గా ఉన్నాయి. వీటిని కేవలం నమోదు కోసం పూర్తి చేయించకుండా, విద్యార్థి తన పరిశోధన అంశంపైనే ఆధారాల సేకరణను ప్రారంభించేలా నిర్వహిస్తే మొదటి సెమిస్టరు చివరికి ముప్పై నలభై సరైన నమోదులు సిద్ధమవుతాయి. ప్రధాన సలహాదారు నెలకొకసారి విద్యార్థి ఆధార పట్టిక నుండి ఏవైనా మూడింటిని ఎంచి, ‘ఇది తెరచి చూపించు’ అని అడిగితే చాలు. అందుకు పావుగంట పడుతుంది. క్షేత్ర సందర్శన వలె ఇది కూడా పర్యవేక్షణే.

కృషి విజ్ఞాన కేంద్రాలలో పనిచేస్తూ పిహెచ్.డి. చేసే శాస్త్రవేత్తల భారం మరింత ఎక్కువ. ప్రథమ శ్రేణి ప్రదర్శనలు, క్షేత్ర పరీక్షలు, శిక్షణ కార్యక్రమాలు, నివేదికలు వీరి దినచర్యను ఆక్రమిస్తాయి. వీరికి మొబైలులో చదివి గమనిక వ్రాసుకునే సౌకర్యం, కేంద్రంలోని సహోద్యోగులతో పంచుకునే ఉమ్మడి ఆధార సేకరణ ఎంతో ఉపయోగపడతాయి. అంతకంటె ముఖ్యమైన ప్రయోజనం మరొకటి ఉన్నది. కేంద్రం వెలువరించే ప్రతి కరపత్రంలోని ప్రతి సిఫారసుకు లోపలి దస్త్రంలో ఒక నమోదు ఉంచవచ్చు: అంకె, మూలం, నేల, ఋతువు, రకం, సంవత్సరం. కరపత్రంలో ఆధారాలు ముద్రించనవసరం లేదు. కాని రైతు ‘మా నేలలో ఇది పనికివస్తుందా?’ అని అడిగినప్పుడు, ఆ అంకె ఏ నేల నుండి వచ్చినదో చెప్పగలిగే స్థితిలో శాస్త్రవేత్త ఉండాలి.

ఎర్ర నేలల్లో రబీలో వచ్చిన నీటి మోతాదును నల్లరేగడి నేలల రైతుకు చెప్పడం, పాత రకంపై తేలిన ఎరువు మోతాదును కొత్త సంకర రకానికి వర్తింపజేయడం వంటివి అజ్ఞానం వలన అరుదుగా జరుగుతాయి. మూలం మరుగున పడడం వలన తరచుగా జరుగుతాయి. మూలాన్ని నిలిపి ఉంచే పని సిద్ధాంత గ్రంథం తొలి పుట వ్రాయక ముందే, తొలి పత్రాన్ని సరైన పేరుతో భద్రపరచిన రోజున ప్రారంభమవుతుంది. రానున్న ఋతువుకు ప్రయోగ ప్రణాళిక సిద్ధం చేసుకుంటున్న విద్యార్థులు విత్తన సేకరణతో పాటు ఆధార సేకరణను కూడా అదే ప్రణాళికలో, తేదీలతో సహా చేర్చుకోవలసిందిగా సూచించడమైనది.